ఆకే కదా అన్నాను

మా కీసరలో తిప్పతీగ పాకని వేపచెట్టు అరుదు. మున్నేటి గట్టున తుమ్మల మీద, చేల కంచెల మీద, కూలిన మొండిగోడల మీద ఎక్కడ చూసినా అదే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొక్క కాబట్టి దాని గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. పైగా డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను, హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఊళ్ళో ఎవరికి ఏ ఆకు పేరు కావాలన్నా మా గుమ్మం ఎక్కుతారు. ఆ ధీమాతోనే 2020లో మా అక్క ప్రాణం మీదికి తెచ్చాను. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు, ఊళ్ళో కొందరికి తప్ప ఎవరికీ తెలియదు. నలుగురికీ తెలిసేలా చెప్పకపోవడం కూడా తప్పేనని ఇప్పుడు అనిపిస్తోంది. తిప్పతీగ కషాయం ఇప్పటికీ ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి మీద మరుగుతూనే ఉంది.

ముందు ఆ తీగను చూడండి. ముదిరితే బొటనవేలంత లావు తేలుతుంది. పైన బూడిదరంగు పలచటి పొర ఉంటుంది. గోటితో గీకితే అది ఊడివస్తుంది, అడుగున పచ్చగా నిగనిగలాడుతుంది. తీగను అడ్డంగా కోస్తే మధ్య నుంచి అంచుదాకా చీలికలు కనబడతాయి, బండిచక్రంలో ఆకుల్లా. ముక్కను నోట్లో వేసుకుంటే ముందు జిగురు తగులుతుంది, వెనకనే చేదు వస్తుంది. ఆ చేదు చాలాసేపు నాలుకను వదలదు. ఆకు రెండువైపులా నున్నగా ఉంటుంది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఆడతీగకే బఠాణీ గింజంత ఎర్రటి పళ్ళు గుత్తులుగా వస్తాయి. మొదలు నరికేసినా చెట్టు మీద ఉన్న తీగ చావదు. సన్నటి వేళ్ళను కిందికి వదులుతుంది, అవి బారలకొద్దీ సాగి నేల తాకగానే మళ్ళీ పుంజుకుంటుంది. కోసిన ముక్కను కంచె మీద పడేసి మరిచిపోయినా చిగురేస్తుంది.

అలాంటి మొక్కను మన పూర్వులు అమృత అన్నారంటే ఆశ్చర్యం లేదు. రావణవధ తర్వాత చనిపోయిన వానరులను బతికించడానికి ఇంద్రుడు అమృతం కురిపించాడని, ఆ చుక్కలు పడ్డచోట్ల ఈ తీగ మొలిచిందని భావప్రకాశంలో కథ ఉంది. చరకుడు బుద్ధికి బలమిచ్చే మేధ్య రసాయనాలు నాలుగు చెప్పాడు, అందులో గుడూచి ఒకటి. గుడూచి అంటే ఈ తిప్పతీగే. పాత వైద్యులు తీగను దంచి, నీళ్ళలో పిసికి, వడకట్టి, అడుగున దిగిన తెల్లటి పిండిని ఎండబెట్టి తిప్పసత్తుగా దాచుకునేవారు. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్ళకు ఆపాలి అన్నది మనిషిని చూసి చెప్పేవారు. కథ, శ్లోకం, గుణాలు నాకు నోటికి వచ్చు. మనిషిని చూడటం అన్న భాగాన్ని మాత్రం వదిలేశాను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. హైదరాబాదు నుంచి సొంతూళ్ళకు బయల్దేరినవాళ్ళను జగ్గయ్యపేట అవతల గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. రాత్రీ పగలూ లారీల మోత వినిపించే మా హైవే మీద కుక్కలు కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. మా అక్క అప్పటికి నందిగామలో ఒంటరిగా ఉంటోంది. బావ పోయి కొన్నేళ్ళయింది. కూతురు హైదరాబాదులో ఉంటుంది. "ఒక్కదానివే ఎందుకక్కా, ఈ గొడవ సద్దుమణిగేదాకా మా ఇంట్లో ఉండు" అని తీసుకొచ్చాను. చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను చేతుల్లో పెట్టుకుని పెంచింది ఆవిడే. ఆ రుణం కొంత తీర్చుకునే అవకాశం వచ్చిందని సంతోషించాను.

అప్పుడు ఫోన్లు తెరిస్తే ఒకటే మాట, ఇమ్యూనిటీ. రోగనిరోధక శక్తి పెరిగితే కరోనా దగ్గరికి రాదని పండితులూ పామరులూ ఏకకంఠంతో అంటున్నారు. ఎవరో తిప్పతీగ బొమ్మ పెట్టి గొప్పలు రాశారు. మా పెరట్లో వేపచెట్టు నిండా అల్లుకుని ఉన్నదాన్ని వాళ్ళు కొత్తగా నాకు పరిచయం చేస్తుంటే ఒకరకమైన గర్వం కలిగింది. వేప మీద పాకిన తిప్పతీగ మరీ శ్రేష్ఠమంటారు. ఇంకేం కావాలి?

రోజూ తెల్లవారకముందే లేచేవాణ్ణి. జానెడు తీగ కోసి, పొర గీకి, ముక్కలు చేసి, రోట్లో కచ్చాపచ్చాగా దంచేవాణ్ణి. నీళ్ళు సగానికి సగం ఇగిరేదాకా మరగబెట్టి, నాలుగు మిరియాలు, చిన్న బెల్లంముక్క వేసి, వడకట్టి ముగ్గురికీ గ్లాసుల్లో పోసేవాణ్ణి. అక్కకు ఏళ్ళ తరబడి థైరాయిడ్ ఉంది. పరగడుపున ఆ మాత్ర వేసుకుని అరగంట ఆగేది, తర్వాత నా కషాయం. ఆవిడకు చేదంటే మొదటి నుంచీ పడదు. "ఒరేయ్, ఇవాళ్టికి వద్దురా, కడుపులో వికారంగా ఉంది" అని బతిమాలేది. "ఆకే కదక్కా, ఏం చేస్తుంది?" అనేవాణ్ణి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేవాణ్ణి. చిన్నప్పుడు నాకు ఆముదం పట్టడానికి ఆవిడ అలాగే నిలబడేది.

నేనూ తాగాను, మా ఆవిడా తాగింది. మా ఇద్దరికీ ఏమీ కాలేదు. ఊళ్ళోవాళ్ళు అడిగితే కోసి ఇచ్చాను. మా పెరట్లోది సరిపోకపోతే మున్నేటి గట్టుకు వెళ్ళి మోపులు కట్టించి తెచ్చాను. గట్టున తుమ్మల మీద, ఈతల మీద ఎన్నో తీగలు ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి. మసక వెలుతురులో కత్తితో లాగిందల్లా తిప్పతీగే అనుకున్నాను. ఏ ముక్క తీగదో, దాని ఆకు ఎలా ఉందో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. పదో తరగతి పిల్లవాడు మొక్కను తప్పు గుర్తిస్తే మార్కులు కోసేసినవాణ్ణి నేను. "మాస్టారు చెప్పారు" అన్న మాట ఊళ్ళో చెల్లుతుంది. ఆ మాటను ఎంత నిర్లక్ష్యంగా వాడానో తలుచుకుంటే ఇప్పటికీ తల వంచుకోవాలనిపిస్తుంది.

వానలు మొదలయ్యాక అక్కకు అన్నం సయించడం మానేసింది. ముద్ద నోటి దగ్గర పెట్టుకోగానే వాంతి వచ్చేది. మంచం దిగితే ఆయాసం. నీళ్ళు మారాయని, వానాకాలం అజీర్తి అని సర్దిచెప్పాను. ఒకరోజు మా ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "వదినగారి కళ్ళు చూశారా?" అంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. తెల్లగుడ్డు పసుపు పచ్చగా ఉంది.

ఇక్కడే నా మూర్ఖత్వం పతాకస్థాయికి చేరింది. కామెర్లకు ఆకు మందే దిక్కన్నది మన పల్లెల్లో తిరుగులేని నమ్మకం. పసరు మందు పోసే ఇల్లు ఉన్న ఊరు చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట ఉంటుంది. నేను ఆ దారిన పోలేదు, చదువుకున్నవాణ్ణి కదా. పుస్తకం తెరిచాను. చరక సంహితలో కామల చికిత్స దగ్గర త్రిఫలతోనో, గుడూచితోనో, మానిపసుపుతోనో, వేపతోనో తీసిన రసం తేనెతో కలిపి పొద్దున్నే ఇమ్మని ఉంది. నా కళ్ళకు అందులో గుడూచి ఒక్కటే కనబడింది. కషాయం మోతాదు రెట్టింపు చేశాను. పక్కన నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి ఇచ్చాను. ఉప్పు, నూనె లేని పథ్యం పెట్టాను. ఏది ఆవిడ కాలేయాన్ని కాలుస్తోందో దాన్నే మందని చెప్పి, చేదు తట్టుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, గడ్డం పట్టుకుని తాగించాను.

"ఆవిణ్ణి విజయవాడ తీసుకెళ్దామండీ" అని మా ఆవిడ రోజూ పోరింది. ఆస్పత్రుల నిండా కరోనా, అక్కడికి తీసుకెళ్తే లేనిది అంటుకుంటుంది అన్నాను. ఆ భయం నిజమే. కానీ దాని వెనక ఇంకొకటి ఉంది. మాస్టారి వైద్యం మాస్టారింట్లోనే పనిచేయలేదని నలుగురికీ తెలియడం నాకు ఇష్టంలేదు. చివరికి మా మేనకోడలు వీడియోకాల్లో తల్లి ముఖం చూసింది. "మావయ్యా, ఇవాళ సాయంత్రంలోగా అమ్మను ఆస్పత్రిలో చేర్చకపోతే నేనే కారేసుకుని వచ్చి తీసుకెళ్తాను" అంది. ఆ గొంతు విన్నాక మారుమాట్లాడలేదు.

విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ముందు కరోనా పరీక్ష చేశారు, లేదని తేలింది. ఒకటి చుట్టూ ఉండాల్సిన బిలిరుబిన్ 20 దాటింది. రక్తం గడ్డకట్టడం మందగించింది. డాక్టరు యువకుడు, మర్యాదస్తుడు. "మందులేమైనా వాడుతున్నారా మాస్టారూ?" అని అడిగాడు. "థైరాయిడ్ మాత్ర ఒక్కటేనండీ" అన్నాను. అప్పుడు నేను అబద్ధం ఆడలేదు. తిప్పతీగ మందన్న ఊహే నాకు రాలేదు. కాఫీ గురించి చెప్పనట్టే దాని గురించీ చెప్పలేదు.

మర్నాటికి హెపటైటిస్ ఏ, బి, సి, ఇ పరీక్షలన్నీ వచ్చాయి. ఏదీ లేదు. స్కానింగులో రాళ్ళు లేవు, అడ్డంకి లేదు. డాక్టరు మళ్ళీ వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాటు మందులు, ఆకు పసర్లు, చూర్ణాలు, ఇమ్యూనిటీ కోసం కషాయాలు, ఏవైనా సరే" అని ఒక్కొక్కటే అడిగాడు. ఈసారి నాకు అర్థమైంది. గుండె ఒక్కసారి జారింది. అయినా, "అలాంటివేం లేవండీ" అన్నాను. తెలిసి ఆడిన అబద్ధం అది. మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్న అక్క, "తిప్పతీగ తాగాను బాబూ, రోజూ" అంది. డాక్టరు నన్నేమీ అనలేదు. కాగితం మీద రాసుకుంటూ, "ఎంత? ఎన్నాళ్ళు? ఎక్కడ కోశారు? ఒకే మొక్కా, వేర్వేరా?" అని అడిగాడు. ఒక్కదానికీ నా దగ్గర సరైన జవాబు లేదు. ప్రయోగమంటే కొలత అని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన నోరు మూగబోయింది.

ఆయన నాకు విడమరిచి చెప్పింది ఇది. థైరాయిడ్ తగ్గిపోయే జబ్బు చాలామందిలో ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత గ్రంథి మీద తిరగబడటం వల్ల వస్తుంది. అక్కదీ ఆ రకమే. అలాంటి మనిషికి ఆ వ్యవస్థను ఇంకా ఎగదోసేది ఏది ఇచ్చినా, అది రెండో అవయవం మీదికి మళ్ళే ప్రమాదం ఉంటుంది. రక్తపరీక్షలో ఆ జాడలు కనబడ్డాయి. ఇదంతా నేను పాఠంగా చెప్పినదే. రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదని నమ్మిన క్షణంలో ఆ పాఠం నాకు గుర్తు రాలేదు. కషాయం ఆపేశారు. స్టెరాయిడ్ మొదలుపెట్టి, మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. రాత్రిళ్ళు ఆస్పత్రి వరండాలో కూర్చుని, అక్క లోపల దురదతో చర్మం గోక్కుంటున్న చప్పుడు వింటూ ఉండేవాణ్ణి. కామెర్లు దిగడానికి వారాలు పట్టింది. ఆవిడ మళ్ళీ తన కాళ్ళ మీద తాను నడిచేసరికి సంక్రాంతి వచ్చింది.

2020 అక్టోబరు 6న కేంద్రం ఆయుర్వేదం, యోగాలతో కరోనాకు చికిత్సా విధానమొకటి విడుదల చేసింది. అందులో తిప్పతీగ ఘనం, అంటే చిక్కటి సారం, ఉంది. 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 15 రోజులో నెలో అని రాసి ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చాక అది చదివాను. దానికి మోతాదు ఉంది, గడువు ఉంది. నేను పోసిన గ్లాసులకు రెండూ లేవు. ఆయుర్వేదం పేరు చెప్పుకుని నేను చేసింది ఆయుర్వేదం కాదు. ఆ శాస్త్రం చదివిన వైద్యులు ఎవరూ అక్కను చూడకుండా అలా నెలల తరబడి తాగించరు.

2021 జులైలో ముంబయి వైద్యుల పరిశీలన ఒకటి పత్రికల్లోకెక్కింది. తిప్పతీగ తాగాక కాలేయం దెబ్బతిని వచ్చిన ఆరుగురి గురించి రాశారు. శరీరం తన కాలేయం మీద తానే దాడిచేసే రకం జబ్బును ఇది రేపుతోందని, లేదా లోపల అణగి ఉన్నదాన్ని పైకి తెస్తోందని వాళ్ళ అభిప్రాయం. అదే నెలలో ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ పరిశీలనను తప్పుబట్టింది. రోగులు వాడింది అసలు తిప్పతీగో కాదో తేల్చకుండా రాశారని, అదే ప్రజాతిలోని తినోస్పోరా క్రిస్పా అనే హానికరమైన తీగతో పొరబడి ఉండవచ్చని అంది. ఆ ప్రకటన చదివి నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. నందిగామ వెళ్ళి అక్కకు పేపరు చూపించి, "చూశావా, తిప్పతీగ తప్పేం లేదంట" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "తీగ తప్పు అని నేనెప్పుడన్నానురా?" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ పేపరు మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఆ తర్వాత 2022లో హైదరాబాదు ఏఐజీ ఆస్పత్రికి చెందిన ఆనంద్ కులకర్ణి, మరికొందరు కలిసి దేశంలోని 13 వైద్యకేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలు క్రోడీకరించి 'హెపటాలజీ కమ్యూనికేషన్స్' పత్రికలో ప్రచురించారు. తీగ మొదలుపెట్టాక లక్షణాలు బయటపడటానికి మధ్యస్థంగా 46 రోజులు పట్టిందట. సగానికి పైగా స్త్రీలే. అందులో ఒక్కొక్క వరుస చదువుతుంటే మా ఇంటి సంగతే ఎవరో రాసినట్టుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆయుష్ శాఖ మళ్ళీ ఒక మాట చెప్పింది. అసలైన తిప్పతీగ సురక్షితమేనని, పోలికలున్న మొక్కలతో జాగ్రత్త అని, అర్హులైన వైద్యుల సలహాతోనే వాడమని. ఈ రెండు పక్షాల వాదం తీర్చే శక్తి నాకు లేదు. రెండు పక్షాలూ ఒప్పుకునే విషయం మాత్రం ఒకటి ఉంది. తెలియని తీగను, తెలియని మోతాదులో, వైద్యుణ్ణి అడక్కుండా తాగకూడదు. నేను చేసింది సరిగ్గా అదే.

పోలిక సంగతి తేల్చుకుందామని అప్పుడు వెళ్ళి వేపచెట్టు మీది తీగను మొదటిసారి శ్రద్ధగా చూశాను. కాడ మీద చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి, అవి తిప్పతీగకు సహజం. క్రిస్పాకు అవి గరుకుగా, పెద్ద పులిపిర్లలా లేస్తాయి. తినోస్పోరా సైనెన్సిస్ అని మరొకటి మన దేశంలోనే పెరుగుతుంది, దాని ఆకు అడుగున నూగు చేతికి తగులుతుంది. మా పెరట్లోది నున్నటి ఆకే, పలచటి పొరే. అది తిప్పతీగేనని చేతులారా తడిమి నిర్ధారించుకున్నాను. మున్నేటి గట్టు నుంచి తెచ్చిన మోపుల్లో ఏముందో తేల్చడానికి మాత్రం ఇప్పుడు ఆధారమే లేదు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి ఎక్కింది, రాకపోకలు ఆగిపోయాయి. నేను తీగలు లాగిన చోటు గట్టుతో సహా కొట్టుకుపోయింది.

ఈ మొక్కకు రెండో ముఖం ఉందని అక్క జబ్బుపడటానికి ఏళ్ళ ముందే నాకొకరు చెప్పారు, నేను వినలేదు. కోదాడ అవతల మా బంధువుల బత్తాయి తోట ఉంది. పండు రంగు తిరిగే వేళకు రాత్రిళ్ళు పెద్ద రెక్కల పురుగులు వాలేవి. వాటి మూతి గట్టిది, తొక్కను గుచ్చి రసం పీలుస్తుంది. పొద్దున్నే చూస్తే కాయ మీద సూదిపోటంత బెజ్జం కనబడేది. నాలుగు రోజుల్లో దాని చుట్టూ మెత్తబడి, కుళ్ళి కాయ రాలిపోయేది. వ్యవసాయాధికారి వచ్చి, తోట చుట్టుపక్కల తిప్పతీగ, దూసరితీగ కనబడితే పీకేయమన్నాడు. ఈ రెక్కల పురుగు గొంగళిగా ఉన్నప్పుడు బత్తాయి ఆకు ముట్టదు, ఆ తీగల ఆకులే తిని పెరుగుతుంది. రాలిన కాయలు గుంట తీసి పూడ్చమని, రాత్రిళ్ళు పొగ వేయమని కూడా చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. "అమృతాన్ని కలుపంటారేంటండీ?" అని నలుగురి ముందూ ఆయన్ను తీసిపారేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మా బంధువు నా మాట విని కంచె మీది తీగను ఉంచేశాడు. ఆ ఏడు ఆయనకు రాలిన కాయల నష్టంలో నా వాటా ఎంతో నాకు తెలుసు.

ఒక మొక్క అందరికీ అమృతం కాలేదు, అందరికీ విషమూ కాలేదు. మనిషిని బట్టి, మోతాదును బట్టి, అప్పటికే ఒంట్లో ఉన్న జబ్బును బట్టి దాని పని మారుతుంది. మన పసుపునే చూడండి. అమెరికాలో మందుల వల్ల వచ్చే కాలేయ జబ్బులను నమోదు చేసే వైద్యుల బృందం ఒకటి 2004 నుంచి 2022 దాకా పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమందిని గుర్తించింది. వాళ్ళలో ఏడుగురికి ఒకే రకం జన్యులక్షణం ఉంది. కోట్లమంది వాడే వస్తువు కొద్దిమందికే హాని చేస్తుంది. ఆ కొద్దిమంది ఎవరో పైకి చూస్తే తెలియదు. మాకేం కాలేదు కదా అని మా ఆవిడనూ నన్నూ చూసి నిశ్చింతగా ఉన్న రోజుల్లో, ఆ కొద్దిమందిలో ఒకరు మా ఇంట్లోనే గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

అక్క కోలుకున్నాక నేను తీగ ఇచ్చిన ఇళ్ళకు వెళ్ళాను. సిగ్గుతో కాళ్ళు ముందుకు పడలేదు, అయినా వెళ్ళాను. జరిగింది దాచకుండా చెప్పాను. థైరాయిడ్ ఉన్నవాళ్ళను, కీళ్ళవాతానికి మందులు వాడేవాళ్ళను, షుగరున్నవాళ్ళను, కడుపుతో ఉన్నవాళ్ళను డాక్టరు చెప్పనిదే ముట్టుకోవద్దని పేరుపేరునా బతిమాలాను. కొందరు వెంటనే ఆపేశారు. కొందరు, "మీరే కదా మాస్టారూ ఇచ్చింది, మాకు బాగానే ఉంది" అన్నారు. వాళ్ళను తప్పు పట్టే అర్హత నాకు లేదు. ఒక మాట ఊళ్ళో నాటడం తేలిక, దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కినా చాలదు. ఒకావిడ మాత్రం నేను చెప్పింది విని లోపలికి వెళ్ళి, సగం వాడిన తిప్పతీగ మాత్రల సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "మా అబ్బాయికి కూడా ఇస్తున్నానండీ, వాడికి కామెర్లు వచ్చి తగ్గింది మొన్ననే" అంది. ఆ పిల్లవాడికి ఏమీ కాలేదు. కానీ ఆ సీసా పట్టుకుని ఇంటికి నడుస్తుంటే చేతులు వణికాయి.

ఇప్పుడు మా పెరట్లో వేప మీద తిప్పతీగ అలాగే ఉంది. నరకలేదు, అది చేసిన పాపం ఏమీ లేదు. ఎవరైనా ఊరికే అడిగితే కోసి ఇవ్వను. ఆయుర్వేద వైద్యుడు రాసిన చీటీ చూపిస్తే, ఆకు, కాడ రెండూ పరీక్షించి, వాళ్ళ ఎదురుగానే కోసి ఇస్తాను. థైరాయిడ్ మాటా, కాలేయం మాటా అడిగి మరీ ఇస్తాను. అక్క ఆరోగ్యంగా ఉంది. ఆరునెలలకోసారి కాలేయ పరీక్ష చేయించుకుంటుంది, నేనే వెంట వెళ్తాను.

చదివేవారికి నేను చేసుకునే మనవి ఒక్కటే. డాక్టరు "ఏం వాడుతున్నారు?" అని అడిగితే ఇంట్లో తాగే ప్రతి కషాయం, నాకే ప్రతి లేహ్యం, మింగే ప్రతి ఆయుర్వేద మాత్ర పేరు చెప్పండి. కోప్పడతారని, చిన్నచూపు చూస్తారని భయపడి దాచకండి. ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. అన్నం సయించక, మూత్రం పచ్చబడి, కళ్ళు పసుపుగా కనబడితే ఆ పూటే అన్ని కషాయాలూ ఆపి, కాలేయ పరీక్షకు వెళ్ళండి. తాగిన తీగ ముక్క, వాడిన చూర్ణం డబ్బా, మాత్రల సీసా ఏదుంటే అది సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టండి.